సైలెన్స్ సారు ఎడమ బొటనవేలు

"రోజుకి ఎన్ని గంటలు?" అందామె, అతని ఎడమ బొటనవేలి మొదట్లో మెల్లిగా నొక్కుతూ.

"ఏవండీ?" అన్నాడతను, నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుని.

"ఆడేది."

అతను ఠక్కున కళ్ళు తెరిచాడు. ఎదురుగా తెల్లకోటు. దానిపైన, వ్యాయామానికి వాడే పచ్చ రబ్బరు పట్టీతో ముడేసిన జుట్టు. మధ్యలో, దొంగని సామానుతో సహా పట్టుకున్న పోలీసుకి ఉండాల్సిన ముఖం.

"వీడియో గేములా? నేనా? భలేవారే!" అని నవ్వాడు. ఆ నవ్వు అతనికే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

అతనొక హైస్కూలుకి వైస్ ప్రిన్సిపాల్. వయసు ముప్ఫై నాలుగు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందుగా అతని నోట్లోంచి ఊడిపడే మాట "సైలెన్స్!" కాబట్టి, పిల్లలు అతనికి సైలెన్స్ సారు అని పేరు పెట్టేశారు. సొంత పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. క్లాసులో గేములాడుతూ దొరికిన పిల్లల దగ్గర ఆ బుల్లి మెషీన్లు లాక్కుని, టర్ము అయ్యేదాకా తన సొరుగులో పెట్టి తాళం వేసే పని కూడా అతనిదే. అలాంటి మనిషి చేతుల డాక్టరు ముందు కూర్చుని, అలా ఎలా ఒప్పుకుంటాడు?

"బోర్డు మీద రాసి రాసి ఇలా అయిందండీ," అన్నాడు.

"ఎడం చేత్తో రాస్తారా?"

"ఆ."

ఆమె, అయిదు నిమిషాల క్రితం అతను కుడిచేత్తో నింపి సంతకం పెట్టిన ఫారం తీసి బల్లమీద పెట్టింది.

"అంటే... తోటపని కూడా చేస్తుంటాను," అన్నాడు.

"అలాగా! ఏం మొక్కలు?"

పన్నెండు వందల మంది పిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా గుర్తుండే ఆ బుర్రలోకి ఆ క్షణంలో ఒక్క మొక్క పేరు కూడా రాలేదు.

"ఆకుపచ్చవి," అన్నాడు.

ఆమె పెదవి కొరుక్కుంది. గోడకున్న చేతి ఎముకల పటం వైపు తిరిగి, భుజాలు రెండుసార్లు కదిలాక, మళ్ళీ ఇటు తిరిగింది.

"చూడండి సార్, ఈ వయసులో..."

ముప్ఫై దాటాక వాచిన నరం త్వరగా తగ్గదు, కాబట్టి జాగ్రత్తగా ఉండాలి అన్నది ఆమె చెప్పబోయిన మాట. అతను చెప్పనివ్వలేదు. 'ఈ వయసులో' అన్న రెండు ముక్కలకే అతనికి తల కొట్టేసినట్టయింది.

"అయ్యో, నేనెప్పుడో మానేశానండీ! ఎదిగిన మనుషులు ఎవరైనా అవి ఆడతారా? మా అక్క కూతురుంది, చిన్నపిల్ల. దాని పోరు పడలేక పక్కన కూర్చుని కాసేపు... తోడుగా... అంతే!"

ఆమె ముఖంలో అప్పటిదాకా వెలుగుతున్నదేదో చటుక్కున ఆరిపోయింది.

"మంచిది," అని కాగితం మీద రాసుకుంది. "ఆరు వారాలు ఆ పాపకి తోడు కూర్చోకండి. వేలికి ఈ స్ప్లింట్ తియ్యకండి. మంగళవారం, శుక్రవారం సాయంత్రం అయిదింటికి రండి."

గట్టి ప్లాస్టిక్ తొడుగు వేసిన వేలితో మెట్లు దిగుతూ అతను రెండు సంగతులు గమనించాడు. ఒకటి, వేలు నొప్పి తగ్గింది. రెండోది, శుక్రవారానికి ఇంకా మూడు రోజులుంది. రెండో సంగతే ఎక్కువ బాధగా ఉంది.

*

నిజం చెప్పాలంటే సైలెన్స్ సారు తొమ్మిదో ఏట మొదలుపెట్టిన ఆట ఇప్పటికీ మానలేదు. ఇరవై నిండాక మానేద్దామనుకున్నాడు. పాతికకి తప్పకుండా అనుకున్నాడు. ముప్ఫయ్యో పుట్టినరోజున మెషీన్ని అట్టపెట్టెలో సర్ది, టేపు కూడా అంటించాడు. మూడు రోజులు తిరక్కుండా ఆ టేపుని కూరగాయల కత్తితో కోసింది కూడా అతనే. స్కూల్లో రోజంతా ముఖం బిగించుకుని, ఇంటికొచ్చి, టై విప్పి కుర్చీకి తగిలించి, గాలిపటం మీద కొండల పైనుంచి ఎగిరే ఆ ఆటలోకి దూకితే, ఒళ్ళంతా తేలికైపోయేది. ఆ లోకంలో అతని పేరు 'చిచ్చరపిడుగు'. ఈ సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే. కింది అంతస్తులో ఉండే అతని అక్క.

సొరుగులోని బుల్లి మెషీన్లనీ అతను అప్పుడప్పుడూ తీసి చూసేవాడు. బ్యాటరీలు పాడైపోకుండా ఉండటానికి. తనకి తాను చెప్పుకునేది అదీ.

శుక్రవారం నాలుగూ ముప్ఫైకే క్లినిక్కులో ఉన్నాడు.

"తొందరగా వచ్చారే?" అంది ఆమె.

"బస్సు తొందరగా వచ్చిందండీ."

"నడిచొచ్చానని మొన్న చెప్పారుగా?"

"నేనే తొందరగా వచ్చాను," అని లొంగిపోయాడు.

ఆమె అతని చేతిలో మెత్తటి నీలం ముద్ద పెట్టి పిసకమంది. అతను పిసుకుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పింది.

"మీ మేనకోడలు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి."

"అయ్యో! పాపకి ఇది ఇవ్వండి," అని సొరుగులోంచి నవ్వుతున్న తాబేలు స్టిక్కరు తీసి అతని జేబులో పెట్టింది.

మరుసటి మంగళవారం మళ్ళీ అడిగింది. "పళ్ళెలా ఉన్నాయి?"

"వచ్చేశాయండీ."

"నాలుగు రోజుల్లోనా!"

"మా వంశంలో అంతే."

ఆమె నవ్వి నవ్వి కుర్చీ చేతులు పట్టుకుంది. అతని జేబులోకి ఏనుగు స్టిక్కరు చేరింది. ఇక ఆ పాప వారానికి రెండుసార్లు పెరగడం మొదలుపెట్టింది. ఈత నేర్చుకుంది, వేణువు నేర్చుకుని మానేసింది, టీచరుతో పోట్లాడింది. అతను రాత్రిళ్ళు ఆట మానేసి, ఆ పాప రేపు ఏం చెయ్యాలో ఆలోచించసాగాడు. తాబేలు, ఏనుగు, పెంగ్విను, రెండు జిరాఫీలు అతని స్కూలు బల్ల అద్దం కింద వరసగా చేరాయి. లేని పాపకి ఇచ్చిన బొమ్మల్ని చూసుకుని మురిసిపోతున్నాడంటే, మనిషి ఎంత దూరం వెళ్ళిపోయాడో తెలుస్తూనే ఉంది కదా.

*

ఆ క్లినిక్కులో ఒక మూల టీవీ తెర, దాని ముందు వాలుకుర్చీ ఉన్నాయి. కుర్చీలో రోజూ కూర్చునే పెద్దాయన ఆమె తాతగారు. నలభై ఏళ్ళు రైలు నడిపిన మనిషి. పోయినేడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పితే, మనవరాలు కార్ల పందెం ఆట పెట్టి, చేతిలో కంట్రోలరు ఉంచింది. వేళ్ళు కదలాలని. వేళ్ళు కదిలాయి. తాతయ్య మాత్రం ఆ పందెంలో కూడా రైలే నడుపుతున్నట్టుండేవాడు. మలుపు రాగానే వేగం తగ్గిస్తాడు. రెండు మైళ్ళ ముందునుంచే హారను కొడతాడు. మెషీను నడిపే కార్లు దూసుకుపోతుంటే, "వెళ్ళనీ, వాళ్ళు గూడ్సు బళ్ళు," అంటాడు. చివరగా చేరుకుని, "సరైన టైముకి వచ్చాం," అని గర్వంగా వెనక్కి వాలతాడు.

"రా బాబూ, రెండో రిమోటు ఖాళీగా ఉంది," అని ఓ శుక్రవారం అతన్ని పిలిచాడు.

అతని వేళ్ళు జివ్వుమన్నాయి. కానీ ఆమె ముందే అందుకుంది.

"సార్ ఆడరు తాతయ్యా. ఆయన ఎదిగిపోయారు."

"పాపం, ఎప్పట్నుంచీ?" అన్నాడు తాతయ్య, ఏదో జబ్బు గురించి అడిగినట్టు.

ఆ సాయంత్రమే వాన. క్లినిక్కు గుమ్మం ముందున్న రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. అతని దగ్గర గొడుగుంది, కానీ తెరవలేదు. తెరిస్తే వెళ్ళాలి. వాన వీధి దీపం చుట్టూ సన్నగా మెరుస్తోంది. ఆమె చెయ్యి చాచి, రేకు అంచునుంచి కారే చుక్కల్ని అరచేతిలో పడుతోంది.

"సార్, నిజంగా అడుగుతున్నాను. ఎదిగాక అందరికీ ఆ సరదా పోతుందంటారా? పోకపోతే ఆ మనిషిలో ఏదో లోపం ఉన్నట్టా?"

ఆ గొంతులో వేళాకోళం లేదు. అతనికి గుండెల్లోంచి నిజం నాలుక చివరిదాకా వచ్చేసింది. కానీ పదేళ్ళుగా స్కూలు అసెంబ్లీలో ఉపన్యాసాలిచ్చిన నోరు కదా, దానికి అలవాటైన దారిలో అది వెళ్ళిపోయింది.

"పోవాలి కదండీ. ఉద్యోగం, బాధ్యతలు... ఎంతకాలమని పిల్లల్లా ఉంటాం?"

ఆమె అరచేతిలోని నీళ్ళు కిందికి వంపేసింది.

"మీరన్నదీ నిజమేనేమో," అని గొడుగు లేకుండానే వానలోకి నడిచి వెళ్ళిపోయింది. అతను గొడుగు తెరిచి పరిగెత్తేలోపు బస్సెక్కేసింది కూడా.

"ఛీ, నోరా!" అని తన్ను తాను తిట్టుకుంటూ ఇంటికి చేరాడు సైలెన్స్ సారు.

*

ఆరో వారంలో క్లినిక్కు మెషీను మొరాయించింది. పందెం మధ్యలో తెర బిగుసుకుపోయేది. తాతయ్య "సిగ్నల్ పడలేదు," అని ఓపిగ్గా కూర్చునేవాడు. ఆమె ఒక నోటీసు రాసింది. ఎవరి దగ్గరైనా వాడని గేమ్ మెషీన్లుంటే ఇవ్వండి, చేతులు పట్టు తప్పినవాళ్ళ వ్యాయామానికి వాడుకుంటాం అని. స్కూలు బోర్డుకి అంటిస్తానని అతను ఒక కాపీ తీసుకున్నాడు. తీసుకుని, తన భోజనాల బల్ల మీద పెట్టి మర్చిపోయాడు.

శనివారం మధ్యాహ్నం బజారునుంచి వచ్చి చూస్తే, టీవీ కింద అరలో నలుచదరంగా దుమ్ము లేని జాగా ఉంది. మెషీను లేదు.

"అక్కా!" అని మెట్లమీదనుంచే కేకేశాడు.

"ఇచ్చేశానురా!" అని కిందనుంచి సంబరంగా జవాబొచ్చింది. "బల్లమీద కాగితం చూశాను. మానేశాను మానేశాను అని ఆరు వారాలుగా చెప్తున్నావు కదా, నీకు మనసొప్పక ఇవ్వలేకపోతున్నావేమో అని నేనే పట్టుకెళ్ళి, నీ అక్కనని చెప్పి, ఆ చేతుల క్లినిక్కులో ఇచ్చొచ్చాను. ఆ డాక్టరు ఎంత మంచి అమ్మాయిరా!"

అతను మెట్టుమీద కూలబడ్డాడు.

"ఏమంది?"

"మీ పాప బెంగపెట్టుకోదా అంది. నాకు పాపెక్కడుందమ్మా, ఉన్నవి రెండు కుక్కలు అన్నాను. ఒకటే నవ్వనుకో."

"నవ్విందా!"

"ముందు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసింది. ఒరేయ్, ఎక్కడికి? చెప్పులేసుకుని వెళ్ళు!"

అతను వెళ్ళేసరికి క్లినిక్కులో తెర వెలుగుతోంది. దానిమీద ఇంత లావు అక్షరాలు. 'స్వాగతం, చిచ్చరపిడుగు!' ఆమె చేతులు కట్టుకుని ఆ తెర ముందు నిలబడి ఉంది. మూల కుర్చీలో తాతయ్య పేపరు తిరగేసి పట్టుకుని, చెవుడు వచ్చినట్టు కూర్చున్నాడు.

"రండి పిడుగు గారూ," అంది. "మొత్తం ఆడింది రెండు వేల మూడు వందల పదహారు గంటలు. చివరిసారి ఆడింది మీరు మొదటిసారి ఇక్కడికొచ్చిన రోజు పొద్దున ఆరుంబావుకి. ఆ టైములో కూడా పాపకి తోడు కూర్చున్నారా? కుక్కకా?"

"డాక్టర్ గారూ, నేను..."

"అబద్ధం చెప్పారని కాదు నా బాధ. ఆకుపచ్చ మొక్కల దగ్గరే నాకు తెలిసిపోయింది మీరు ఆడతారని. వేలే చెప్పింది. పాపని మాత్రం నిజమనుకున్నాను. పాపం చిన్నదాని కోసం ఆడుతున్నాడు, తనకి మాత్రం ఆ సరదా ఏనాడో పోయిందేమో అని నిజంగానే నమ్మాను." ఆమె జుట్టుకున్న పచ్చ పట్టీ బిగించుకుంది. "నాకు ముప్ఫై ఒకటి. నేను రోజూ ఇంటికెళ్ళి ఆడతాను. పోయినేడాది నాకు పెళ్ళి కుదిరింది. ఆ అబ్బాయి నా గది చూసి, పెళ్ళయ్యాక ఈ పిల్లచేష్టలు మానేస్తావుగా అన్నాడు. మానను అన్నాను. పెళ్ళి మానేశాను. ఒక్క రోజు కూడా ఏడవలేదు. కానీ మీరు ఆ వానలో అన్న మాటకి ఇంటికెళ్ళి నా కంట్రోలరు అలమారలో పెట్టి తాళం వేశాను. వాడు చెప్తే వినని దాన్ని మీరు చెప్తే విన్నాను. ఎందుకు విన్నానో..."

అక్కడ ఆగిపోయింది. పేపరు వెనక తాతయ్య దగ్గాడు.

"మీకు సిగ్గేస్తే మీరు సిగ్గుపడండి. మీ సిగ్గు తెచ్చి నాకెందుకు తగిలించారు?" అంది చివరికి. "మీ వేలు నయమైపోయింది సార్. ఇక మీరు రానక్కర్లేదు."

జబ్బు నయమైందని చెప్తే గుండె పగిలిన రోగి ఆ క్లినిక్కు చరిత్రలో అతనొక్కడే అయ్యుంటాడు.

*

ఆ సాయంత్రం అక్క ఇంట్లో, రెండు కుక్కల మధ్య కూర్చుని అంతా చెప్పేశాడు. పళ్ళూ వేణువూ దగ్గరికొచ్చేసరికి అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది.

"నువ్వెలా మానేశావక్కా?" అని అడిగాడు. "చిన్నప్పుడు నన్ను రోజూ చిత్తుగా ఓడించేదానివి. ఒకరోజు ఉన్నట్టుండి లేచి వెళ్ళిపోయావు. మళ్ళీ ముట్టుకోలేదు."

"మానేదేముందిరా? కడుపు నిండినట్టు నిండిపోయింది నాకు. దిగుల్లేదు, ఏం లేదు. నీకు నిండలేదు. అందులో నేను పెద్దదాన్నయిందీ లేదు, నువ్వు చిన్నవాడిగా ఉండిపోయిందీ లేదు." కుక్క చెవి నిమిరింది. "కానీ నువ్వు దాన్ని ఏదో దొంగసారాలా దాచుకుంటావు చూడు, అదే నాకు నచ్చదు. ఆ పిల్లకి కూడా నచ్చనిది అదే. వెళ్ళి చెప్పు."

"రావద్దంది కదా!"

"ఆ అమ్మాయే వస్తోందిగా? బుధవారం మీ స్కూల్లో చేతుల సంరక్షణ మీద మాట్లాడాలని పోయిన నెల నువ్వేగా పిలిచావు!"

అతను మర్చేపోయాడు. కుక్కలు రెండూ ఉలిక్కిపడేలా ఎగిరి లేచాడు.

*

బుధవారం పదకొండు గంటలకి స్కూలు హాలు కిక్కిరిసిపోయింది. ఆమె వచ్చింది. అతనికి నమస్కారం పెట్టింది, ప్రిన్సిపాల్‌కి పెట్టినంత మర్యాదగా. అది అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. వేదికెక్కి ఆమె పిల్లలందరి చేతా బొటనవేళ్ళు తిప్పించింది, అరచేతులు సాగదీయించింది, ఇరవై నిమిషాలకోసారి చేతికి విరామం ఇవ్వాలని చెప్పింది. ఆఖర్లో, అడగాల్సినవేమైనా ఉన్నాయా అంది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది. "మేడమ్, గేమ్స్ ఏ వయసులో మానెయ్యాలి?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మైకు పట్టుకుని, మెల్లిగా అతని వైపు తిరిగింది.

"దీనికి మీ వైస్ ప్రిన్సిపాల్ గారు బాగా జవాబు చెప్తారు."

మైకు చేతికొచ్చింది. అలవాటైన ఉపన్యాసం నాలుకమీద సిద్ధంగా ఉంది. అతను దాన్ని మింగేశాడు.

"నాకు ముప్ఫై నాలుగేళ్ళు," అన్నాడు. "తొమ్మిదో ఏట మొదలుపెట్టాను. ఇంకా మానలేదు."

హాలంతా బిగుసుకుపోయింది. ఆ స్కూల్లో ఎవరూ 'సైలెన్స్' అని అరవకుండా నిశ్శబ్దం రావడం అదే మొదటిసారి.

ఇంతలో వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "మాకు తెలుసు సార్!"

"తెలుసా?" అన్నాడతను తెల్లబోయి.

"టర్ము ఆఖర్లో మీరు నా గేమ్ తిరిగిచ్చారు కదా సార్," అంది ప్రశ్న అడిగిన అమ్మాయే. "పదిహేడో లెవెల్లో రెండు నెలలుగా ఇరుక్కుపోయి ఉన్నాను. తీసి చూస్తే ఇరవై మూడులో ఉంది!"

"నాది కూడా సార్!" "నా డ్రాగన్ని చంపేశారు సార్, థాంక్స్!" "కష్టమైన లెవెల్ వస్తే కావాలనే మీకు దొరికిపోతున్నాం సార్!"

హాలు కప్పు లేచిపోయేలా నవ్వులు. ముందు వరసలో ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. సైలెన్స్ సారు ముఖం చెవులదాకా ఎర్రబడింది. అయినా మైకు వదల్లేదు.

"వినండి. కొందరికి ఆ సరదా దానంతటదే పోతుంది. మా అక్కకి పోయింది. హాయిగా ఉంది. కొందరికి పోదు. వాళ్ళూ హాయిగానే ఉండొచ్చు, పని మానుకోకపోతే, వేళ్ళు విరగ్గొట్టుకోకపోతే. నేను హాయిగా లేను, ఎందుకంటే దాచుకున్నాను. దాచుకోవడానికి, ఎదిగినవాళ్ళు ఎవరూ ఆడరని ఒకరి ముందు గొప్పలు పోయాను. వాళ్ళకి ఇష్టమైనదాన్ని చిన్నబుచ్చాను. అది తప్పు. వాళ్ళకి క్షమాపణ చెప్పుకుంటున్నాను." మైకు చెయ్యి మార్చుకున్నాడు. "ఇంకో సంగతి. నాకు మేనకోడలు లేదు."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వేదిక మీద ఒక్కతి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"క్లాసులో ఆడితే మాత్రం పట్టుకుంటాను. ఇక లెవెళ్ళు దాటించను," అని మైకు పెట్టేశాడు. హాలంతా "అయ్యో సార్!" అని మూలిగింది.

*

వరండాలో ఆమె అతనికోసం ఆగింది. పిల్లల గోల లోపలినుంచి వినిపిస్తోంది.

"అంతమందిలో చెప్పమని నేననలేదు," అంది.

"మీరు మైకిచ్చారు కదండీ."

"ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారనుకున్నాను. మీకది బాగా వచ్చు కదా."

"అలవాటు పోగొట్టుకుంటున్నాను." జేబులోంచి చిన్న కవరు తీశాడు. "స్టిక్కర్లు. పది ఉన్నాయి. పాప లేదు కాబట్టి తిరిగిచ్చేస్తున్నాను. అద్దం కింద పెట్టుకున్నాను. ఒక జిరాఫీ మాత్రం అతుక్కుపోయింది, రావట్లేదు."

ఆమె కవరు తీసుకోలేదు.

"ఆరు వారాలు ఆడకుండా ఎలా ఉన్నారు? నిజంగా ఆడలేదా?"

"నిజంగా. మొదటి వారం ప్రాణం పోయింది. తర్వాత గుర్తే రాలేదు."

"అంటే సరదా పోయిందా?"

"పోలేదండీ. పక్కకి జరిగింది. మంగళవారం అయితే శుక్రవారం ఎప్పుడొస్తుందా అని, శుక్రవారం అయితే మంగళవారం ఎప్పుడా అని... అందులోనే సరిపోయింది." ఊపిరి పీల్చుకున్నాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. ఇది మాత్రం అబద్ధం కాదు. ఇప్పుడు నాకు అపాయింట్‌మెంట్ కూడా లేదు, అదే భయంగా ఉంది. పోనీ కుడి బొటనవేలు నొప్పి తెచ్చుకోమంటారా?"

"తెచ్చుకుంటే చంపేస్తాను!" అంది గట్టిగా. అన్నాక ఆ గట్టిదనానికి తనే కంగారుపడి, తెల్లకోటు బొత్తాం పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది అప్పటికే పెట్టి ఉంది. "ఆదివారం పొద్దున పదింటికి ఇంటికి రండి. తాతయ్య మిమ్మల్ని పరీక్ష చేస్తారట. మీరు ఎలాంటి మనిషో ఆడితేగాని తెలియదంటున్నారు."

"మరి మీ కంట్రోలరు?"

"అలమార తాళం శనివారమే తీశాను. మీమీద కోపంతో అయిదు గంటలు ఆడాను."

*

ఆదివారం తొమ్మిదీ యాభైకి అతను వాళ్ళింటి సోఫాలో కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ తెరమీద పడకుండా ఆమె కర్టెను లాగింది. మధ్యలో తాతయ్య, అటూ ఇటూ వీళ్ళిద్దరూ. మూడు కార్లు, పది చుట్లు.

రెండో చుట్టులోనే సైలెన్స్ సారు చిక్కులో పడ్డాడు. ముందర తాతయ్య కారు గంభీరంగా, దారి మధ్యలో, హారను కొడుతూ పోతోంది. దాటడం చిటికెలో పని. కానీ పెద్దాయన. చేతిలో పట్టు లేదు. పైగా అమ్మాయిని ఇవ్వాల్సిన మనిషి. వెనకే ఉండిపోవడం మర్యాద కాదా? ఓరకంట ఆమెను చూశాడు. ఆమె తెరనుంచి కళ్ళు తిప్పకుండా, ఎవరిమీదా జాలి లేకుండా, అందరికన్నా ముందు దూసుకుపోతోంది. అబద్ధాలు ఇక చాలు అనుకున్నాడు. మలుపులో లోపలివైపునుంచి దూరి, తాతయ్య కారుని దాటేశాడు. ఏడో చుట్టులో, ఒక చుట్టు ముందుకొచ్చేసి, ఇంకోసారి దాటేశాడు.

ఆమె మొదట చేరింది. అతను రెండు. తాతయ్య తీరిగ్గా వచ్చి ఆగి, కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని అతనివైపు తిరిగాడు. కనుబొమలు దగ్గరపడ్డాయి.

"నన్ను రెండుసార్లు దాటేశావు."

"అవునండీ," అన్నాడు అతను.

"చెయ్యి పడిపోయిన దగ్గర్నుంచీ ఎవరూ నన్ను దాటట్లేదు, మా పిల్ల తప్ప. మా అల్లుడు, పక్కింటివాళ్ళు, క్లినిక్కుకి వచ్చేవాళ్ళు, అందరూ వెనకే ఉండిపోయి 'మీరే గెలిచారు తాతగారూ' అంటారు. ముసలాడు మురిసిపోతాడని." తాతయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాలమీద నవ్వు వచ్చింది. రెండూ ఒకేసారి. "నువ్వు నన్ను ఓడించావయ్యా. మనిషిలా చూశావు. అమ్మలూ, వీణ్ణి వదలకు."

ఆమె సిగ్గుతో తెరవైపు తిరిగిపోయింది.

"మీ అక్క నంబరివ్వు," అని తాతయ్య కర్ర పట్టుకుని లేచాడు. "ఇవాళే మాట్లాడేస్తాను. లేటవడం నా రక్తంలో లేదు."

పక్కగదిలోంచి ఆయన గొంతు వినిపించసాగింది. కాసేపటికి ఫోనులో అవతల కుక్కలు మొరగడం, అక్క సంతోషంతో పెట్టిన కేకా ఇవతలికి కూడా వినిపించాయి.

సోఫాలో ఇద్దరే మిగిలారు. మధ్యలో తాతయ్య వదిలిన ఖాళీ. ఆమె కొంచెం జరిగింది. అతనూ జరిగాడు. ఇప్పుడు ఖాళీ లేదు. ఇద్దరూ తెరవైపే చూస్తున్నారు, తెరమీద ఏమీ లేకపోయినా.

"డాక్టర్ గారూ," అన్నాడతను.

"ఊఁ."

"మీరేమీ చెప్పలేదు. తాతగారు చెప్పారు, మా అక్క అక్కడ గంతులేస్తోంది. మీరు మాత్రం..."

ఆమె కంట్రోలరు తీసి అతని చేతిలో పెట్టింది. మొదటిసారిగా అతని కళ్ళలోకి సూటిగా చూసింది. చెంపలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అయినా చూపు తిప్పుకోలేదు.

"ఇంకో ఆట ఆడతావా?" అంది.

అతను కంట్రోలరు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఆమె ఆడతారా అనలేదు. ఆడతావా అంది. ఆ ఒక్క అక్షరం అతని చెవిలో పడి, అక్కణ్ణుంచి గుండెలోకి దిగి, అక్కడ ఏవో తలుపులన్నీ ఒకేసారి తెరిచేసింది.

"ఏంటి, వినపడలేదా?" అని ఆమె భుజంతో అతని భుజాన్ని పొడిచింది. "నిన్నే."